గాలిలో నత్తి, కొయ్యలో మాట

జూలై 4

ఈ రోజు మిషను నా చేతికొచ్చింది! రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

తిరువళ్ళూరులో రిపేరుకిచ్చిన చైన్‌సా తీసుకుని మామ ఇంటికొచ్చాడు. కొత్త పిస్టన్, కొత్త రింగులు. పాత పిస్టన్ కూడా కవర్లో వేసి తెచ్చాడు. దాని ఒంటినిండా గీతలే, పిల్లి రక్కినట్టు. దాన్ని గడప మీద పెట్టి, ఇదే కడైసి తూరి, ఆఖరు, ఈ కొత్త పిస్టన్ గూడా బిగుసుకోని పట్టేసిందంటే మిషను పాతసామాన్లోకి ఏసేసి యాడైనా కంపెనీ గేటుకాడ యూనిఫాం ఏసుకోని కూచుంటా అన్నాడు. అదే మంచిది అంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది.

మామ అంటే అమ్మ తమ్ముడు, తణికాచలం. మామిడి తోపుల్లో కొమ్మలు కొట్టే పని ఒప్పుకుని బ్యాచ్‌తో చేయిస్తాడు. మా పవర్‌లూములు అమ్మేశాక నేనూ ఆ బ్యాచ్‌లో చేరాను. తాళ్ళు కట్టడం, కొమ్మలు లాగడం, తోట ఓనర్లతో ఫోన్లు మాట్లాడటం నా పని. రంపం మాత్రం మగవాళ్ళదే. మామ మానేస్తే నేను మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి. ఛస్తే కూర్చోను.

మన బ్యాచ్‌లో ట్యూనింగ్ చేసే పచ్చయ్యప్పన్న మానేసి వెళ్ళిపోయాడు కదా, నేను నేర్చుకుంటా మామా అన్నాను. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, సరి, చెయ్యి పాపా అన్నాడు. అంత ఈజీగా!

ఈ డైరీ ఇంట్లో ఎవరూ చదవలేరు. అందరం మాట్లాడేది తెలుగు, చదివింది తమిళం. తాత దగ్గర అక్షరాలు నేర్చుకున్నది నేనొక్కదాన్నే. కాబట్టి ఎన్ని గొప్పలైనా చెప్పుకోవచ్చు.

జూలై 5

కార్బరేటర్ మీది ఎల్ స్క్రూ, హెచ్ స్క్రూ, ఐడిలింగ్ స్క్రూ. రోజంతా ఇదే జపం.

మిషను ఊరికే తిరుగుతున్నప్పుడు పెట్రోలు ఇచ్చేది ఎల్. ఫుల్ రేస్‌లో ఇచ్చేది హెచ్. ఐడిలింగ్‌లో చైను కదలకూడదు, కదిలితే ఎవరి కాలో పోతుంది. స్క్రూ మూస్తే పెట్రోలు తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. ఇంతే కదా అనిపిస్తుంది. ఇంతే కాదు.

మా మిషను కంపెనీవాడు ఇచ్చినట్టు లేదు. పచ్చయ్యప్పన్న సైలెన్సర్ నోరు గ్రైండర్‌తో పెద్దది చేసి గొట్టం ముక్క వెల్డింగ్ పెట్టాడు. స్క్రూలు ఎక్కువ తిరగకుండా ఉండే ప్లాస్టిక్ మూతలు పీకేశాడు. బలం పెరిగింది, పెట్రోలు తాగుడూ పెరిగింది. అందుకే పుస్తకంలో ఉన్న సెట్టింగ్ దీనికి పనికిరాదు. చెవితో విని పెట్టుకోవాలి అని మామ చెప్పాడు.

పోయిన పంగుని నెలలో పిస్టన్ పట్టేసినప్పుడు, పెట్రోల్లో ఆయిలు తక్కువ కలిపినావని మామ అందరి ముందర పచ్చయ్యప్పన్నని తిట్టాడు. అన్న అప్పటికప్పుడే బ్యాగు తీసుకుని ఊత్తుకోట కట్టెల డిపోలో పనికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు అన్న మీదే కోపం వచ్చింది.

జూలై 6

తలంటుకున్నా జుట్టులో పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్ వాసన పోలేదు. అమ్మ కంచం పట్టుకుని దూరంగా జరిగింది. నాకైతే ఎంత బాగుందో.

జూలై 9

సాధించాను!

పొద్దున్నుంచి మిషను ఫుల్ రేస్‌లో నత్తి కొడుతోంది. బ్ర్ర్, బ్ర్ర్ అని తెగి తెగి వస్తోంది. హెచ్ స్క్రూ కాస్త మూశాను, నత్తి తగ్గింది. ఇంకాస్త మూశాను. ఇంకాస్త. ఒక్కసారిగా గొంతు సాఫీ అయిపోయి ఒకటే శ్రుతిలో పైకి లేచింది. అబ్బ, ఏం సౌండు! నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఇందులో నన్ను మించినవాళ్ళు లేరు మరి. పుట్టిందే పవర్‌లూముల మధ్య. పక్క షెడ్డులో లూము తడబడినా పోగు తెగిందని నిద్రలో కూడా తెలిసేది. చెయ్యి దానంతటదే హ్యాండిల్ మీదికి పోయేది. తడబాటు లేని సౌండ్ అంటే అంతా సరిగ్గా ఉన్నట్టు.

మామ ఎదురుగా నిలబడి నా మొహం చూసి, బొటనవేలు ఎత్తి, బాగుండాది అన్నాడు. ఆ సౌండ్ ఫోన్లో రికార్డ్ చేసుకున్నాను. ఇప్పటికి చాలాసార్లు విన్నాను, రాస్తూ కూడా వింటున్నాను.

జూలై 10, పొద్దున

సుదర్శనం గారి తోపుకి వెళ్తున్నాం. ముదురు మామిడి చెట్లన్నీ సగానికి కొట్టాలి. మొదటి కోత నువ్వే కొయ్యి పాపా అన్నాడు మామ.

జూలై 10, సాయంత్రం

నా మొహానికి ట్యూనింగ్ ఒకటి.

మొదటి కొమ్మ వెన్నలా తెగింది. రెండోది కూడా. అందరూ విజిల్స్ వేశారు. ఎండ ఎక్కాక, లావు కొమ్మలో సగం దూరం పోయి మిషను గొంతు సన్నబడింది. రేస్ వదిలేసినా స్పీడు దిగదు. కాలిన వాసన. నేను స్విచ్ ఆపేలోపే అదే ఆగిపోయింది.

ప్లగ్గు విప్పితే మొన వేడికి మాడి విబూదిలా తెల్లగా ఉంది. సైలెన్సర్ తీసి టార్చ్ వేసి చూస్తే పిస్టన్ మీద ఒక సన్న గీత. పట్టెయ్యలేదు. పట్టెయ్యలేదు. పట్టెయ్యలేదు. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా చాలడం లేదు.

మామ వంగి చూసి, ఆయిలు తక్కువైంది అన్నాడు. పంగునిలో పచ్చయ్యప్పన్నని అన్న మాటే! కానీ ఈసారి ఆయిల్ కలిపింది నేను. పెద్ద ఇంజెక్షన్ సిరంజితో కొలిచి మరీ కలిపాను. తక్కువ కాలేదు. మరి అప్పుడు మాత్రం తక్కువైందని ఎవరు చూశారు?

జూలై 11

పచ్చయ్యప్పన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. 9న రికార్డ్ చేసిన సౌండ్ వాట్సాప్‌లో పంపాను. టీ ఆరేలోపు ఆయనే ఫోన్ చేసి ఒకటే అరుపులు. ఏ మడిసి పెట్టినాడు ఈ సెట్టింగు, ఫస్టు ఆపేయండి దాన్ని, అది పెట్రోలు లేక సస్తాండాది అన్నాడు. నేనే పెట్టాను అన్నాను. అరుపులు ఆపాడు. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

కొయ్యలో పెట్టకుండా గాలిలో రేస్ చేస్తే మిషను నత్తి కొట్టాలంట! ఉత్తప్పుడు పెట్రోలు కాస్త ఎక్కువ ఉంటేనే, కొయ్య కోసేటప్పుడు సరిపోతుందంట. చైను కొయ్యలో దిగినప్పుడు ఆ నత్తి పోయి గొంతు తేరుకోవాలి. గాలిలోనే సాఫీగా ఉందంటే కొయ్యలోకి పోయాక దప్పికతో కాలిపోతుంది.

అంటే నేను ఏది జబ్బు అనుకుని నయం చేశానో అదే దాని ఆరోగ్యం. నా లూము చెవి మిషను ప్రాణం తీయబోయింది.

ఇంకో మాట కూడా చెప్పాడు. తను రోజూ నత్తి ఉండేలా పెట్టేవాడంట. మధ్యాహ్నానికి మామ వచ్చి, ఇంకా బలం కావాలని కొంచెం కొంచెం మూసేవాడంట. మీ మామ చెవికి ఒకప్పుడు ఈ తాలూకాలోనే పోటీ లేదు పాపా, ఆయన మూస్తే నేనేం చెప్పేది అన్నాడు.

జూలై 13

పిచ్చిపట్టినట్టుంది. సంతోషం పిచ్చి!

నిన్నంతా నాతో నాకే యుద్ధం. స్క్రూ తెరుస్తాను, నత్తి వస్తుంది, నా వేళ్ళు దొంగల్లా మళ్ళీ మూసేస్తాయి. చివరికి నత్తి రాగానే స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి అమ్మకి ఇచ్చేశాను, అడిగినా ఇవ్వద్దని. అడిగాను. ఇవ్వలేదు.

ఈ రోజు చింతమొద్దు మీద పెట్టి చూశాను. గాలిలో బ్ర్ర్, బ్ర్ర్, ఇంకా నత్తే. చైను దించాను. ఒక్క క్షణంలో నత్తి మాయం, నిండు గొంతు. పొట్టు కాదు, పెద్ద పెద్ద పెచ్చులు ఎగిరి పడుతున్నాయి. పైకెత్తగానే మళ్ళీ నత్తి. దించితే మాట. ఎత్తితే నత్తి. మొద్దు మొత్తం ముక్కలు చేసేశాను. పొయ్యిలోకి కట్టెలు చాలా, ఇంకా కావాలా అని అమ్మని ఏడిపించాను.

జూలై 15

మామని పిలిచి కొత్త సెట్టింగ్ వినిపించాను. బాగుండాది అన్నాడు. అప్పుడు ఎందుకో ఒక అనుమానం వచ్చింది. ఆయన అటు తిరిగినప్పుడు హెచ్ స్క్రూ బాగా తెరిచేశాను. మిషను బుడబుడమంటూ పొగలో మునిగిపోయింది. ఆ సౌండ్‌కి అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. ఎట్లుంది మామా అని నవ్వుతూ అడిగాను. బాగుండాది అన్నాడు. మిషను వంక చూడలేదు. నా మొహమే చూస్తున్నాడు.

అంతా గుర్తొచ్చింది. తోట ఓనర్ల ఫోన్లన్నీ నాతో మాట్లాడించడం. ఎప్పుడూ ఎదురుగా వచ్చి కూర్చోవడం. నేను ఏది అడిగినా సరి అనడం. ఇన్నేళ్ళు ఆ నోరు తెరిచిన సైలెన్సర్ పక్కన, చెవిలో దూది కూడా లేకుండా.

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. పచ్చయ్యప్పన్న ఏం పాపం చేశాడని?

జూలై 16

చెప్పలేదు. ఎలా చెప్పేది?

జూలై 18

చెప్పేశాను. చెప్పకూడని చోట, చెప్పకూడని విధంగా.

సుదర్శనం గారి తోపులో మధ్యాహ్నం దాకా మిషను నా మాట విన్నది. అన్నానికి ఆగినప్పుడు మామ స్క్రూడ్రైవర్ తీసి, ఇంకొంచెం బలం రానీ అంటూ హెచ్ స్క్రూ దగ్గర పెట్టాడు. నేను కార్బరేటర్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. వేడికి చెయ్యి చురుక్కుమంది. వద్దు మామా అన్నాను. వినలేదు. నీకు వినపడట్లేదు మామా అని అరిచాను. తోపంతా వినిపించింది. ఆయనకీ వినిపించింది.

బ్యాచ్ మొత్తం అన్నం కలపడం ఆపేసింది. మామ స్క్రూడ్రైవర్ అక్కడే వదిలేసి వెళ్ళి మేం వచ్చిన వ్యానులో కూర్చున్నాడు. సాయంత్రం దాకా దిగలేదు.

మిగిలిన చెట్లు నేనే కొట్టాను. మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. అంత బాగా ఎప్పుడూ కోయలేదు. అంత బాధ కూడా ఎప్పుడూ పడలేదు.

జూలై 19

కాఫీ తాగుతుంటే మామ వచ్చి ఎదురుగా కూర్చుని, నా గ్లాసు పక్కన స్క్రూడ్రైవర్ పెట్టాడు. పచ్చయ్యప్పకి ఫోన్ కలుపు, నాకు ఫోన్లో ఏం ఇనపడదు, నేను చెప్పేది నువ్వు చెప్పు అన్నాడు.

కలిపాను. ఆయిలు తప్పు కాదు, నా చెవి తప్పు అని చెప్పు అన్నాడు. చెప్పాను. అందరి ముందర తిట్టినాను, అందరి ముందరే ఈ మాట చెప్తా, రమ్మను అన్నాడు. అదీ చెప్పాను. మామ ఫోన్ వంక కాదు, నా మొహం వంక చూస్తున్నాడు, అక్కడే జవాబు వస్తుందని.

అన్న వస్తానన్నాడు. ఆ మాట మామకి నేను చెప్పక్కర్లేకపోయింది.

బస్సెక్కి తిరువళ్ళూరు వెళ్ళి అందరికీ సౌండు ఆపే చెవి మఫ్‌లు కొనుక్కొచ్చాను. మామకి కూడా.

జూలై 21

పచ్చయ్యప్పన్న వచ్చాడు. బ్యాచ్ అందరి ముందర మామ చెప్పాల్సింది చెప్పాడు. నేను మిషను స్టార్ట్ చేసి ఫుల్ రేస్ ఇచ్చాను. మామ బాగుండాది అనలేదు. నా భుజం తట్టి, ఎట్లుండాది పాపా అని అడిగాడు.

నత్తి కొడతాండాది మామా అని మొహమంతా నవ్వుతూ చెప్పాను.