తొమ్మిదో హీలియం

చెల్లీ,

మనిద్దరిలో తెలివైనది ఎవరని అమ్మని అడగాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను. అడగలేదు. జవాబు హాల్లో గోడ మీదే ఉంది, పత్రికలో పడ్డ నీ ఫొటో, ఫ్రేములో.

ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వు పంపిన శాలువా ఆవిడ ఒంటిమీంచి తియ్యడం లేదు. "ఏమే నత్తా, నీ చెల్లెలి సెలెక్షన్ చూశావా!" అంటుంది, నేను కొన్న పరుపు మీద పడుకుని.

మన ల్యాబు సంగతులు అడిగావు. పాత పంపు బాగుచేయించాం, గురక మానేసింది. ఇప్పుడు ఆ పని హెడ్డుగారు మీటింగుల్లో చేస్తున్నారు.

ఇక నువ్వు కోరిన ఉత్తరం. నీ ఉద్యోగం పర్మనెంటు చేసే కమిటీకి, నీ ఫలితం ఇక్కడ మళ్ళీ వచ్చిందని రాయమన్నావు. సోడియం అయాన్ చుట్టూ హీలియం పరమాణువులు మూగుతాయి, తొమ్మిది చేరేసరికి మొదటి పొర నిండుతుంది అన్నది నీ మాట. గ్రాఫులో తొమ్మిది దగ్గర లేచిన శిఖరమే నీ డిగ్రీ, నీ ఉద్యోగం, గోడ మీద ఆ ఫొటో.

కానీ మన యంత్రానికి తెలిసింది బరువొక్కటే. తొమ్మిది హీలియం పరమాణువులైనా, రెండు నీటి అణువులైనా దానికి ఒకటే తూకం. ఛాంబరు గోడలకు పట్టిన తడంతా పోయేలా వేడిచేసి మళ్ళీ కొలిచాను. శిఖరం లేదు. నువ్వు కొలిచింది తేమని, చెల్లీ.

"ముందు నాకో మాట చెప్పలేకపోయావా అక్కా" అంటావు. చెప్పలేకపోవడం కాదు, చెప్పలేదు. ఆ గ్రాఫు నిన్న పొద్దున్నే కమిటీకి పంపేశాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

"ఏంటే, ఇవాళ అంత హుషారు?" అంది అమ్మ.

"చెల్లి ఉద్యోగం గురించి రాశానమ్మా."

పాపం, లేచి వెళ్ళి నీ ఫొటో తుడిచింది.

ఇంకో సంగతి ఉంది. కొలిచిన రోజు హీలియం ధార సరిగా లేదు. గ్రాఫు మొత్తమే నీరసంగా వచ్చింది, నీ శిఖరం అందులో అణిగిపోయి ఉండొచ్చు. ఇంకెవరి ఫలితమైనా అయితే ధార సరిచేసి మళ్ళీ చూసేదాన్ని. నీది కాబట్టి ఒక్కసారితో ఆపేశాను. కమిటీకి ఆ ముక్క రాయలేదు.

ఇప్పుడు ధార బాగుంది. ఛాంబరు పొడిగానే ఉంది. స్విచ్చు వేస్తే మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. వెయ్యాలా వద్దా అన్నదే ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
నీ అక్క