ఫ్రీజర్‌లో పాప పాలు

మంగళవారం, రాయ్‌పూర్

ఈ రోజు నేనే గెలిచానని రాసుకుంటున్నాను. ప్రసూతి సెలవు అయిపోయింది, రేపు ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లాలి. పాప కోసం పది రోజులుగా నా పాలు తీసి సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో దాచాను. పొద్దున చూస్తే తొమ్మిది సీసాల్లో ఆరు కరిగిపోయాయి. గట్టిగా ఉన్న మూడింటినీ పక్కింటి ఫ్రీజర్‌లో పెట్టి వచ్చాను.

"ఫ్రిజ్‌లో గ్యాస్ ఖతమ్ అయ్యుంటది, రిపేరు మిస్త్రీని పిలుస్తా," అన్నారు మా ఆయన.

"ఆగండి, ముందు నన్ను చూడనివ్వండి," అన్నాను.

ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి, మూసి లాగితే ఊడి రాలేదు. అంటే తలుపు అంచు రబ్బరు బాగానే ఉంది. ఫ్రిజ్‌ను ముందుకు జరిపితే, వెనక జాలీ నిండా సిల్తారా ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము మందంగా పేరుకుపోయి ఉంది. వేడి బయటికి పోయే దారే లేదు! ప్లగ్ తీసి, బ్రష్షుతో దులిపి, గోడకు జానెడు ఎడంగా నిలబెట్టాను. సాయంత్రానికి లోపల పెట్టిన గిన్నెలో నీళ్లు రాయిలా గడ్డకట్టాయి.

కరిగిన పాలు మాత్రం పారబోయక తప్పలేదు. "మళ్లీ గడ్డ కట్టిస్తే సరిపోదా బేటా?" అని అత్తయ్య అడిగారు. అలా చేయకూడదని వార్డులో తల్లులకు చెప్పేదాన్ని నేనే. అయినా నా చేత్తో ఒంపుతుంటే ఏడుపొచ్చింది. మిగిలిన మూడు సీసాలు రేపు మధ్యాహ్నం దాకా వస్తాయేమో, ఆ తర్వాత...

నేను కళ్లు తుడుచుకునేలోపే అత్తయ్య ఖాళీ సీసాలు కడిగి మరిగే నీళ్లలో వేశారు.

"మధ్యాహ్నం పాపను నేనే ఆస్పత్రికి తెస్తా. నువ్వు గేటు దాకా రా, చాలు," అన్నారు.