తోకరాజు వేసిన తాళం

మా చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న బాగున్నాడు, ఇల్లు బాగుంది, నేను తింటున్నాను, తిరుగుతున్నాను. నువ్వు కూడా వేళకు తిని వేళకు పడుకుంటున్నావనే నమ్ముతున్నాను. నమ్మక ఏం చేస్తాను, వచ్చి చూసిపోయే దూరమా!

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న మోకాలికి కట్టు తీసేశారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్ను తిట్టుకుంటూ దిగుతున్నాడు, ఆ మెట్లు కట్టించింది నేనే అన్నట్టు. నా కొత్త కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుంటే అద్దంలో మా అత్తగారు కనిపిస్తోంది, అందుకని ఆఫీసులోనే పెట్టుకుంటున్నాను. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఫోన్‌లో నేను ఉపన్యాసాలిస్తానని, కాగితం మీదైతే విసుగొచ్చిన చోట పేజీ తిప్పేసుకోవచ్చని నువ్వేగా అన్నావు! అదొక కారణం. రెండోది, నీ గొంతు వింటే నేను ఈ సంగతి చెప్పలేను. ఈ ఉత్తరంలో మాత్రం పేజీ తిప్పెయ్యకు తల్లీ.

సూపర్‌వైజర్‌తో గొడవ ఇంకా నడుస్తోందా అన్నావు. నడుస్తోంది. కానీ ఈసారి నాకు కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. సమ్మెలో పోలీసులు లాఠీలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డ రోజు కూడా నాకు ఆకలేసింది గానీ భయమెయ్యలేదు.

అంబులెన్సు కోసం జనం ఫోన్ చేసే మా గదిని నువ్వు చిన్నప్పుడు ఒక్కసారే చూశావు. ఇప్పటికీ అలాగే ఉంది. కిటికీలు లేవు, కప్పు కిందికి ఉంటుంది, గోడ వారగా టేబుళ్ళు. ఫోన్ మోగుతుంది, అవతల ఎవరికో ఊపిరి ఆడటం లేదు. మేము అడ్రసు అడిగి కంప్యూటర్లో ఎక్కించి పంపితేనే బండి కదులుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పంపనివ్వదు. ఈ పనిలో టైపు కొట్టేది కొంచెమే, వినేది ఎక్కువ. ఊపిరి వస్తోందా, ఆగిందా, ఫోన్ పట్టుకున్న మనిషి స్పృహలోనే ఉందా, అన్నీ చెవితోనే తెలుసుకోవాలి.

ఈ మధ్య మా కంప్యూటర్లకు కొత్త జబ్బు పట్టింది. రెండు నిమిషాలు కీబోర్డు, మౌస్ ముట్టుకోకపోతే తెర మసకబారి తాళం పడిపోతుంది. పాస్‌వర్డ్ కొడితే గానీ తెరుచుకోదు. మూడుసార్లు తప్పు కొడితే కాసేపాగి రమ్మంటుంది. దాని లెక్కలో చేతులు కదిలితేనే మనిషి ఉన్నట్టు. వింటున్న మనిషి లేనట్టే! ఇలాంటి లెక్క వేసేవాళ్ళు జన్మలో ఒక్కసారైనా ఎవరి మాటైనా పూర్తిగా విన్నారా అని అడగాలనిపిస్తుంది.

అప్పటి నుంచి గదిలో అందరం ఎడమచేత్తో మౌస్‌ను సున్నాలు చుడుతూ మాట్లాడుతున్నాం. మూల టేబుల్ ఆవిడ, తల తిప్పే ఫ్యాన్‌కు దారం కట్టి రెండో కొస మౌస్‌కు ముడేసింది. ఫ్యాన్ తల తిప్పినప్పుడల్లా మౌస్ కదులుతుంది. కంప్యూటర్ దృష్టిలో మా అందరికన్నా ఒళ్ళొంచి పనిచేసేది ఆ ఫ్యానే. సూపర్‌వైజర్ వచ్చి దారం తెంపేశాడు.

మా గదిలో మెల్లమ్మ అని ఒకామె ఉంది. అసలు పేరు అందరూ మరిచిపోయారు. అంత మెల్లగా, అంత నింపాదిగా మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు. పోయిన వారం మధ్యాహ్నం ఆమెకొక ఫోన్ వచ్చింది. భర్త వంటింట్లో కూలిపోయాడని ఒక ఇల్లాలు. మెల్లమ్మ అడ్రసు ఎక్కించింది, దగ్గరలో గుర్తుగా ఏముందో అడిగే గడి ఒక్కటే మిగిలింది. అంతలో అవతల ఊపిరి ఆగింది. "ఫోన్ కింద పెట్టమ్మా, స్పీకర్ పెట్టు. రెండు చేతులూ గుండె మధ్యలో పెట్టు. నాతో పాటు లెక్కపెట్టు" అని మొదలుపెట్టింది. పక్క టేబుల్ నుంచి నేను వింటూనే ఉన్నాను. ఆ గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. ఒక విడత అయ్యాక తెర వైపు చూస్తే తాళం. తొందరలో పాస్‌వర్డ్ తప్పు కొట్టింది. మళ్ళీ తప్పు. మళ్ళీ. కాసేపాగి రమ్మంది. డోర్ నంబరు ఆమెకు గుర్తు రాలేదు. అవతల ఇల్లాలు అడ్రసు చెప్పే స్థితిలో లేదు, లెక్కపెడుతూనే ఉంది. ఆ లెక్క నాకింకా చెవుల్లో ఉంది తల్లీ.

తాళం తెరుచుకున్నాకే బండి కదిలింది, ఆలస్యంగా. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు.

ఇప్పుడు మెల్లమ్మ మీద విచారణ. నేరం ఏమిటో తెలుసా? సీట్లో లేదట! తాళం పడింది కాబట్టి మనిషి లేనట్టే అని రికార్డు చెబుతోందట.

"ఆమె గొంతు కూడా రికార్డయింది కదా, వినండి" అన్నాను.

"హెడ్‌సెట్‌కు తీగ లేదు కదా మేడమ్, కారిడార్‌లో తిరుగుతూ కూడా మాట్లాడొచ్చు" అన్నాడు సూపర్‌వైజర్.

"నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను."

"మీరు అందరి తరఫునా చూస్తారు లెండి. మెషీన్ ఎవరి తరఫునా చూడదు."

చెంప పగలగొట్టాలనిపించింది. దానికి బదులు, కంప్యూటర్లు బాగుచేసే వైర్లాయన్ని పిలిపించాను. ఎప్పుడూ మెడలో రెండు వైర్లు వేలాడేసుకుని తిరుగుతాడు. ఆయన సెట్టింగ్ తెరిచి చూస్తే గడి బూడిదరంగులో ఉంది, నొక్కితే కదలదు. కింద ఒక వాక్యం: ఈ సెట్టింగ్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది. ఆయన తన పాస్‌వర్డ్‌తో ఎలాగో మార్చాడు. టీ తెచ్చుకునేసరికి మళ్ళీ రెండు నిమిషాలకే వచ్చింది.

"ఇక్కడ ఎంత మార్చినా లాభం లేదక్కా. పైనుంచి మాటిమాటికీ కొత్త ఆర్డర్ దిగుతోంది" అన్నాడు. ఆ పైనుంచి దిగేవి ఏమిటో వరసగా తెర మీదికి తెప్పించాడు. మా గదికి తాళం అక్కర్లేదని ఒక పాత నియమం ఉందట, దాన్ని ఎవరో ఆపేశారట. దాని మీద కొత్తది కూర్చుందట. "దీని పేరు చూడండక్కా, తోకరాజు అట! ఏ మహానుభావుడు పెట్టాడో!" అని పడీపడీ నవ్వాడు.

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

తోకరాజు అంటే, గడపకు అడ్డంగా పడుకుని, అన్నం పెట్టే నన్ను కూడా లోపలికి రానివ్వని మన కుక్క. నీ మొదటి సైకిల్‌కు ఆ పేరే, నీ మొదటి కంప్యూటర్‌కూ ఆ పేరే. జీవితమంతా 'సంస్థ' అనే దాని మీద అరిచాను. అది ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో చూడాలనుకునేదాన్ని. హెడ్డాఫీసులో కూర్చుని, తలనొప్పి వస్తే ఇప్పటికీ నాకు ఫోన్ చేసే నా కూతురిలా ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను.

తప్పు నీ ఒక్కదానిది కాదు. ఆఫీసులన్నిటికీ ఈ తాళం పెట్టే పని నీకప్పగించారని, మినహాయింపు కావాలంటూ పెద్ద జాబితా వచ్చిందని, ఏం చెయ్యాలో తోచడం లేదని నువ్వు నాకు రాశావు. గుర్తుందా, నేనేం రాశానో? మినహాయింపులన్నీ పెద్ద కుర్చీల కోసం పుట్టినవే, మొత్తం కొట్టిపారెయ్, అందరికీ ఒకటే కొలత పెట్టు, అదే సమానత్వం అని రాశాను. ఎంత గర్వంగా రాశానో! ఆ జాబితాలో ఎవరెవరున్నారని ఒక్క ముక్క అడగలేదు. పెద్ద కుర్చీల కింద ఎక్కడో మా గది కూడా ఉండి ఉంటుంది. మా తెరల మీద పడ్డది ఆ తాళమేనని నాకు తట్టనే లేదు. నువ్వు సలహా అడిగావు, నేను నినాదం ఇచ్చాను. కుర్చీలో కునుకు తీసేవాడికీ, చెవితో ప్రాణం పట్టుకునేవాడికీ ఒకే కొలత పెట్టించాను.

ఇంకొకటి కూడా ఉంది. వైర్లాయన్ని పక్కకు పిలిచి, "ఈ తోకరాజు మాట రెండు రోజులు ఎవరికీ చెప్పకండి" అన్నాను. నేనే అన్నాను! నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తొచ్చి నోరు దానంతటదే కదిలింది. ఆ రెండు రోజులూ మెల్లమ్మ కారిడార్ బెంచీ మీద మూత తియ్యని టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిన్న నా చెయ్యి పట్టుకుని, "ఎల్లుండి విచారణలో నా గురించి మీరు మాట్లాడతారుగా అక్కా? మీరు మాట్లాడితే చాలు" అంది. నేను తలూపాను. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

రేపు ఉదయం పదింటికి విచారణ. నేను మాట్లాడతాను. తాళం పైనుంచి వచ్చిందని, మినహాయింపు కొట్టెయ్యమన్నది నేనని చెబుతాను. పెట్టింది ఎవరని అడిగితే నీ పేరు చెబుతాను. ఇంకొకరి బిడ్డ అయితే గేటు ముందు మైకు పెట్టి చెప్పేదాన్ని. నా బిడ్డ కాబట్టి మింగేస్తే, ఇన్నాళ్ళూ నేను అరిచిందంతా ఒట్టి గొంతు నొప్పే. కానీ తల్లీ, నా నోట నీ పేరు రాకముందే నీ నోట నీ మాట వస్తే బాగుంటుందని ఉంది. బతిమాలుకుంటున్నాను.

పాడైన మెషీన్లు తీసుకుని వైర్లాయన ఇవాళ మీ హెడ్డాఫీసుకు వస్తున్నాడు. ఈ ఉత్తరం సాయంత్రానికి నీ చేతిలో పెడతాడు. చదివాక నా మీద ఎంత కోపమైనా రానీ, నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నా పెట్టుకో. అన్నిటికంటే ముందు మా గడప మీది నుంచి తోకరాజును లేపెయ్. నన్ను తిట్టడం ఆ తర్వాత.

ఫోన్ మోగుతోంది. తెర మసకబారుతోంది. నీ నుంచి కబురు వచ్చేదాకా కుడిచేత్తో అడ్రసులు కాగితం మీద రాసుకుంటూ, ఎడమచేత్తో సున్నాలు చుడుతూనే ఉంటాను.

ఇట్లు,
నీకు సలహా ఇచ్చిన
అమ్మ