దీపం గురించి అడిగితే

చిట్టితల్లీ, నేను కులాసా, బెంగపడకు.

మన ఊళ్ళో ఫిర్యాదుల పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఆఫీసువాళ్ళకే తెలియదు. ఇక్కడ మునిసిపాలిటీకి ఫోనులోనే రాయొచ్చు, అది ఊరంతా చదవొచ్చు. నేను కాపలా కాసే మిల్లు గేటు దగ్గర దీపం వెలగడం లేదని రాశాను. బాగుచేసి, "మీరు తృప్తిగా ఉన్నారా?" అని అడిగారు. ఇక్కడికొచ్చాక నన్ను ఆ మాట అడిగింది వాళ్ళేనమ్మా. మోకాలి నొప్పి, ఒంటి బతుకు, నీ మీద బెంగ, అన్నీ రాసేశాను. "దీపం గురించి అడిగాం తాతగారూ" అని జవాబొచ్చింది. మర్నాటి నుంచి గేటు ముందు పోయేవాళ్ళంతా "మోకాలెలా ఉంది తాతా?" అంటున్నారు. నా సంతోషం ఏమని చెప్పను తల్లీ! గది తలుపు తీస్తే మాత్రం పలకరించే దిక్కులేదు.

అమ్మ మందులు వేసుకుంటోందా? పెరటి గోడ కట్టించారా? మీ ఇద్దరికీ నా నిండు దీవెనలు. నీ కబుర్లు కార్డు మీదే రాయి. పోస్టుమానూ నేనూ తప్ప ఎవరూ చదవరు.

నాన్న