చుక్క కన్ను మళ్ళీ మూసుకున్న సంగతి

అశ్వశాల సూపరింటెండెంటు గారి సముఖానికి, అదే శాలలో ముప్పై నాలుగేళ్ళు గుర్రాలు తోమి విరమించిన ముసలివాడు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొరడాతో గుర్రం కన్ను చెరిపాడని సస్పెండైన నా కొడుకును ఎల్లుండి ఉద్యోగం నుంచి తొలగించబోవు ఉత్తర్వును ఆపించుట గురించి.

1. ముందుగా మనవి చేయునది, నా కొడుకు బతికాడు. జ్వరంతో కళ్ళు పచ్చబడి, మూత్రం ఆగిపోయి, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నవాడు ఈ ఉదయం సీసా నిండా పోశాడు. నా పెళ్ళినాడు కూడా నాకింత సంతోషం లేదు. ఈ వాక్యం వాళ్ళమ్మ కంట పడనీయవద్దని ప్రార్థన.

2. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల జబ్బు వచ్చినదని డాక్టరు గారు తేల్చారు. శాల వెనుక కాలువ పూడి, మురుగు గుర్రాల గదుల్లోకి వస్తున్నది. పగిలిన మడమలతో దానిని ఎత్తిపోసినది మావాడు. అందులో నిలబడినది, ఆ కన్ను వాచిన చుక్క అను ఆడగుర్రం.

3. చుక్క రక్తంలోనూ అదే జబ్బు జాడ కనబడినది. "కొరడా దెబ్బయితే ఒకసారి వాచి మానుతుంది తాతా. ఈ జబ్బు గుర్రాలకు కంట్లో దిగుతుంది, మానినట్టే మాని మళ్ళీ రగులుతుంది" అని పశువుల డాక్టరమ్మ చెప్పినది.

4. మావాడు శాల గడప తొక్కక నేటికి ఇరవై ఆరు రోజులు. పదిహేనో రోజున అదే కన్ను మళ్ళీ వాచి మూసుకున్నది. ఆనాడు కొరడా ఎవరి చేతిలో ఉన్నది?

5. నిన్నటి నుంచి రెండో కన్నూ నీరు కారుతున్నది. చుక్కను పొడిగా ఉండి వెలుతురు పడని గదికి మార్చి మందు వేయించవలెను. కాలువ తీయించవలెను.

కావున తమరు దయతో, ఎల్లుండి పది గంటలలోపే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వాడి తండ్రి

తా.క.: సస్పెన్షను ఉత్తర్వులో "అనుభవజ్ఞుడైన సాక్షి" అన్నది నన్నే గదా. కన్ను చూసి "ఇది కొరడా దెబ్బే" అని సంతకం పెట్టినవాణ్ణి నేనే. కొడుకని కూడా చూడలేదని తమరు మెచ్చుకున్నారు. ఆ సంతకం కొట్టివేయండి. వాడికింకా తెలియదు. ఇవాళ తెలివి రాగానే "చుక్క కన్ను విప్పిందా నాన్నా?" అన్నాడు. విప్పిందిరా అన్నాను. దానిని నిజం చేయడం తమ చేతిలో ఉన్నది. నా వాంగ్మూలం వాడికి పంపవద్దని రాయబోయి ఆగాను. పంపండి. నేనే చదివి వినిపిస్తాను.