మన గరిటెల షెడ్డుకు లైనొచ్చింది

నాయనా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఉదయగిరిలో మన చెక్కగరిటెల షెడ్డుకు త్రీఫేజు లైను ఇచ్చినారు. నువ్వు పెట్టిన దరఖాస్తు ఆత్మకూరు కరెంటాఫీసులో ఐదేళ్ళు పడుండింది. దానికోసం నెలనెలా బస్సెక్కినాను.

"ఆడపిల్లవి, నీకు కోత మిషనెందుకమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"చేత్తో చెక్కి చెక్కి మా నాయన వేళ్ళు వంకర్లు పోయినాయి సార్. మా పనోళ్ళకు ఆ గతి పట్టకూడదు," అన్నాను. ఆయన నీ దరఖాస్తు మీద తేదీ చూసి, తల దించుకుని సంతకం పెట్టినాడు.

ఈరోజు మిషను వేస్తే వారం పని సాయంత్రానికే అయిపోయింది. అవ్వ చప్పట్లు కొట్టింది. ఎల్లుండికే సరుకు పంపిస్తానంటే, మన గరిటెలు కొనే నెల్లూరు షావుకారు ఫోన్లో, "ఇన్ని గరిటెలు ఎల్లుండికెట్లా ఇస్తావు? మీ షెడ్డుకు కరెంటు లేదు గదా?" అన్నాడు.

"ఉండాది సార్, ఉండాది!" అని అరిచినాను నాయనా.

నీ సుశీల