నేను ఆగమన్న చోటల్లా

నా బంగారు తల్లీ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదమ్మా! మొన్నటిదాకా మీ కంపెనీ వీడియోగేమ్ మిషన్‌కి బయటివాళ్లెవరూ ఆటలు తయారు చేయడం లేదని, ఇలాగైతే కంపెనీ మూసేస్తారని ఎంత బెంగపెట్టుకున్నావు! ఆటలెలా తయారు చెయ్యాలో వాళ్లకి చెబుతూ నువ్వు రాసిన పుస్తకం నాకు చదివి వినిపించావు. కుట్టుమిషన్లు బాగుచేసుకునే నాకు మొదటి పేజీయే బోధపడలేదు. "ఇదీ తెలియదా నాన్నా?" అని విసుక్కుంటూనే, నేను "ఆగు" అన్న చోటల్లా తిరగరాశావు. ఇప్పుడు ఆ పుస్తకం చూసే ముగ్గురు ఆటలు పంపారని మీ అమ్మకి నాలుగుసార్లు చెప్పాను. "మీ తెలివితక్కువతనం ఇన్నాళ్లకి పనికొచ్చింది" అంది.

రెండో పుస్తకం కూడా నాకే వినిపించు తల్లీ. అందాకా ఏమీ నేర్చుకోకుండా జాగ్రత్తగా ఉంటాను.

నీ మొద్దు నాన్న